జడ్డిగం సంగతి చెప్పడానికి కాలేజీ లైబ్రరీకి

నాకు చదువు రాదు. ఇది నేను చెబుతుంటే నా మనవరాలు సునీత టైపు చేస్తోంది. ఒక్క మాట కూడా మార్చవద్దని ముందే చెప్పాను. మాది బెళుగుప్ప దగ్గర పల్లె. సునీత అనంతపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. సొంత ఊరి వర్షాధార సేద్యం మీద ప్రాజెక్టు రాయమన్నారని ఫోన్లో నన్ను అడిగితే, నాకు తెలిసింది చెప్పాను. ఎద్దులు లాగే గొర్రు మీద విత్తనం వేసే చెక్క గిన్నెను జడ్డిగం అంటాం. దాని అడుగున సాలుకొకటి చొప్పున నాలుగు కన్నాలుంటాయి. నేలలో పదును తక్కువైన ఏడు ఒక కన్నానికి గుడ్డ కుక్కి విత్తుతాం. మూడు సాళ్లకు ఒక సాలు ఖాళీగా పోతుంది, ఉన్న తడి ఆ మూడింటికీ అందుతుంది. అదంతా రాసిస్తే, ఆధారం లేదని సారు తిప్పి పంపాడట. సోమవారానికి ఆధారం చూపించకపోతే ప్రాజెక్టు మార్కులన్నీ పోయినట్టే. శుక్రవారం సాయంత్రం ఫోన్లో పిల్ల ఏడ్చింది. నలభై ఏళ్లు జడ్డిగంలో విత్తనం పోసినదాన్ని, నా మాటకు ఆధారం లేదన్న మనిషిని ఒకసారి చూడాలనుకున్నాను.

శనివారం పొద్దున ఆరున్నరకు మా ఊరి బస్సెక్కి కళ్యాణదుర్గంలో దిగాను. స్టాండు బయట నలభై రూపాయలకు ఉగ్గాని, రెండు బజ్జీలు తిని అనంతపురం బస్సెక్కాను. ఆడవాళ్లకు ఛార్జీ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు కొట్టిస్తారు. కార్డు చూసి కండక్టరు అడిగాడు.

“యాడికి పోతాండావవ్వా, ఆస్పత్రికా?”

“కాలేజీ లైబ్రరీకి.”

“ఆడ నీకేం పని?”

“మీ సార్లకు పాఠం చెప్పాల.”

బస్సులో సగం మంది నవ్వారు. నవ్వనీ అని కిటికీ పక్కన కూర్చున్నాను. రెండు పక్కలా ఎర్ర నేలలు, వేరుశనగ పీకిన చేలల్లో గొర్రెల మందలు. తొమ్మిదిన్నరకు అనంతపురంలో దిగితే సునీత ఎదురొచ్చింది. ఇరవై రూపాయలిచ్చి షేర్ ఆటోలో కాలేజీకి పోయాం.

బయటివాళ్లను లోపలికి పంపనని లైబ్రరీ వాకిట్లో వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. నా గొంతు విని లైబ్రేరియన్ మేడమే బయటికొచ్చి, పుస్తకంలో నా పేరు రాయించి లోపలికి తీసుకుపోయింది. ఆమెది కుందుర్పి పక్క పల్లె. మా మాటే మాట్లాడుతుంది కాబట్టి నా కోపం సగం తగ్గింది. వాకిలి పక్కనే ఒక బీరువా చూపించింది. ఏ పాఠానికి ఏ పుస్తకాలు కావాలో సార్లు ముందే చెబితే, అవన్నీ తెచ్చి అందులో పెడుతుందట. వాటిని ఇంటికివ్వరు. ఒకరు పట్టుకుపోతే మిగతా క్లాసంతా నోరు తెరుచుకుని కూర్చోవాలి కదా. మేము వచ్చిన పని విని రెండు పుస్తకాలు, పాత పిల్లలు రాసిన ప్రాజెక్టుల కట్ట ఒకటి దించి, గంటసేపు మాకు చదివి వినిపించింది. కొర్ర విత్తనంలో ఇసుక కలపడం ఉంది, కంది సాళ్ల లెక్క ఉంది. గుడ్డ కుక్కే సంగతి ఎక్కడా లేదు. సేద్యం చేయనివాళ్లు రాసిన పుస్తకాల్లో ఇంకేముంటుందని గొణిగాను.

అప్పుడు మేడం సునీత ప్రాజెక్టు తీసుకుని, సారు ఎర్ర సిరాతో రాసింది మొత్తం చదివింది.

“అవ్వా, ఆయప్ప అబద్ధమని రాయలేదు. ఇది ఎవరు చెప్పినారు, వాళ్ల పేరూ ఊరూ రాయమని ఉండాది, అంతే.”

సునీత రాసిందేమిటంటే, పూర్వం మన పెద్దలు ఇలా విత్తేవారు అని. ఏ పెద్దలో లేదు. పిల్ల వైపు తిరిగాను. తల వంచుకుంది.

“ఏమ్మే, నా పేరు యాల రాయలేదు?”

“సదువు రాని అవ్వ చెప్పిందంటే అందరూ నగుతారనుకున్నా.”

ఈ మాట ఇక్కడ వద్దని సునీత ఇప్పుడు కూడా అంటోంది. ఉండాల్సిందే అన్నాను.

నేను తిట్టేలోపు మేడం ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. చెప్పినవాళ్ల పేరు, ఊరు, వయసు, చేసే పని, ఏ రోజు ఎక్కడ చెప్పారన్నది అందులో నింపాలి. ఇట్లా నింపితే మనిషి మాట కూడా ఆధారమేనట. నా మాటలు ఫోన్లో రికార్డు చేసి లైబ్రరీ కంప్యూటర్లో దాస్తామంది. సోమవారం పాఠానికి పుస్తకాలు ఏరుకుంటూ ఆ సారు అక్కడే ఉన్నాడు. ఆయన్నూ పిలిచింది. వయసులో చిన్నవాడే, మర్యాదగా కూర్చున్నాడు. ఆ ఏడు వాన తక్కువని విత్తే రోజే ఎలా తెలుస్తుందని అడిగాడు.

“వాన సంగతి దేవునికి తెలుసు సారూ. మేము మన్ను చూస్తాం. మూరెడు లోతు తవ్వితే, జానెడు కిందే పొడి మన్ను తగిలిందనుకో, గుడ్డ కుక్కేదే.”

ఆయన రాసుకున్నాడు. తలెత్తకుండానే ఇంకో ప్రశ్న వేశాడు. “ఇది నీకు ఎవరు నేర్పినారవ్వా?”

ఎవరూ నేర్పలేదు, నా తెలివే అనబోయి నాలుక కరుచుకున్నాను. కొత్త కోడలుగా చేలోకి పోయినప్పుడు పిడికిలి వదులుగా పట్టానని చేతి మీద ఒకటి కొట్టి, గుడ్డ ఎలా కుక్కాలో చూపించింది మా అత్త నాగమ్మ. ఆమె పోయి ముప్పై ఏళ్లు. ఇన్నేళ్లూ ఊళ్లో అందరికీ ఇది నా తెలివి అన్నట్టే చెప్పుకున్నాను. ఫోన్లో సునీతకు చెప్పినప్పుడు కూడా ఆమె పేరెత్తలేదు.

“మా అత్త నాగమ్మ,” అన్నాను. “ఆ పేరు పైన రాయి సునీతా. నాది కింద రాయి.”

మూడు గంటల బస్సుకు తిరిగొచ్చాను. సోమవారం ప్రాజెక్టు తీసుకున్నారని, దానికి అట్ట వేయించి వచ్చే ఏడు పిల్లలు చదివేలా లైబ్రరీలో పెడతారని సునీత ఫోన్ చేసింది. మార్కులు ఇంకా వేయలేదు, వేసినప్పుడు చూద్దాం. గొడవ పెట్టుకోవడానికి పోయినదాన్ని బస్సులో అత్తను తలుచుకుంటూ వచ్చాను. బతికినన్నాళ్లూ ఆమెతో నాకు పడలేదు. ఆమె పేరును నా చేతులతో తీసుకుపోయి పుస్తకాల మధ్య కూర్చోబెడతానని ఎవరైనా అప్పట్లో అంటే వాళ్లనూ తిట్టేదాన్ని. ఇప్పుడు మాత్రం మనసు చల్లగా ఉంది.

మీ ఇంటి పిల్లల చదువు కోసం ఇట్లా పోయే పెద్దవాళ్లుంటే, ముందుగా లైబ్రరీకి ఫోన్ చేయించి, ఆధార్ కార్డు పెట్టుకుని, తిరుగు బస్సు అందేలా పదకొండు లోపలే చేరుకోండి. మీకు తెలిసింది ఎవరు నేర్పారో ఇంట్లోనే గుర్తు చేసుకుని బయలుదేరండి. నాలాగా అక్కడికి పోయాక తడుముకోవద్దు.