చూసినవాడి భయం

ఎస్టీడీ బూత్ నడిపిన రోజుల్లో, అద్దాల గదిలోకి ఎవరు వెళ్ళినా చాంద్ బాషా మొహం గోడవైపు తిప్పుకునేవాడు. తెనాలిలో ఎన్ని పెళ్ళిళ్ళో, ఎన్ని తగాదాలో ఆయన చెవిన పడ్డాయి. ఒక్కటీ నోట రాలేదు. ఎస్టీడీలకు కాలం చెల్లాక అదే గదిలో ఆరు కంప్యూటర్లు పెట్టి నెట్ సెంటర్ తెరిచినా ఆ అలవాటు పోలేదు.

దాన్ని పోలీసులు పోగొట్టారు. హైదరాబాదులో బాంబులు పేలిన ఏడాది ఊళ్ళో నెట్ సెంటర్ల వాళ్ళందరినీ స్టేషన్‌కి పిలిచి, క్యాబిన్ల తలుపులు పీకేయమన్నారు. గుర్తింపు కార్డు లేనిదే ఎవరినీ కూర్చోనివ్వొద్దన్నారు. ఎవరేం చేస్తున్నారో కౌంటర్లోంచి కనిపెట్టాలన్నారు. తేడా వస్తే ముందు మిమ్మల్నే లోపలేస్తామన్నారు. మిగతావాళ్ళు తలలూపి వచ్చి సగం చేసి ఊరుకున్నారు. బాషా మాత్రం, తన పేరు తనకు తెలుసు కాబట్టి, తు.చ. తప్పకుండా చేశాడు. అందరి తెరలూ తన తెరమీద కనబడే ఏర్పాటు కూడా చేయించాడు. భయం ఎంత పనైనా చేయిస్తుంది మరి.

ఆ తెరమీద చూసిందానికే ఒక గురువారం ఆయన గుండె జారిపోయింది. ఎదురింటి మీనాక్షి టీచరుగారి కూతురు మేధ ఎనిమిదో తరగతి. అమ్మ కార్డు మీద వచ్చి, బాపట్లలో కాలేజీ చదువుతున్నానని చెప్పుకునే రాగసుధ అనే అక్కతో చాటింగ్‌లో కబుర్లాడుతూ ఉండేది. ఆ రోజు అక్క ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసింది. "ఆదివారం పొద్దున రేపల్లె బండెక్కు. అక్కడ స్టేషన్లో మా అన్నయ్య ఉంటాడు. అమ్మకి చెప్పావో, నువ్వు పంపిన ఫోటో మీ స్కూలంతా చూస్తుంది." ఏ అక్కా చెల్లెలికి అలా రాయదు. మేధ తల వంచుకుని "సరే" అని కొట్టింది.

బాషా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాడు. హెడ్ కానిస్టేబుల్ సీతారామాంజనేయులు అంతా విన్నాడు.

"రాసినోడు నీ సెంటర్లో కూర్చుని రాశాడా?"

"లేదండి."

"మరి నేనేం చేసేది? పిల్ల తల్లి వచ్చి కాగితం రాసివ్వాలి. అయినా ఆడపిల్ల కబుర్లు నువ్వెందుకు చదివావు బాషా?"

"మీరే చూడమన్నారు కదండీ."

"బాంబుల సంగతి చూడమన్నాం."

ఇంటికొచ్చి చెబితే భార్య జానీ బీ నెత్తి కొట్టుకుంది. "రేపు టీచరమ్మా అదే అడుగుద్ది. వీధంతా అదే అడుగుద్ది. నెట్ సెంటర్ సంగతి సరే, ఊళ్ళో తలెత్తుకుని తిరగగలమా?" ఆమె మాటలో అబద్ధమేమీ లేదు. బాషా ఎదురింటి గుమ్మం దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చాడు.

ఆదివారం రానే వచ్చింది. ప్లాట్‌ఫారం మీద వెతుక్కుంటూ వెళ్ళిన బాషాకు రేపల్లె బండిలో కిటికీ పక్కన మేధ కనబడింది.

"దిగమ్మా. ఆ అక్క అక్క కాదు," అన్నాడు బయటినుంచి.

"మీకెట్టా తెలుసు మామయ్యా? నేను పోకపోతే ఫోటో అందరికీ పంపుద్దంట."

బండి కూత వేసింది. ఎక్కి చెయ్యి పట్టుకుని దించుదామంటే, నిండు ప్లాట్‌ఫారం మీద నలుగురూ ఏమనుకుంటారోనని కాలు కదల్లేదు. తనమీద తనకే అసహ్యం వేసింది. ఎప్పుడు వెంట వచ్చిందో, జానీ బీ ఆయన్ని పక్కకు నెట్టి, బండెక్కి, పిల్లను పొదివి పట్టుకుని దించింది.

మీనాక్షి కూతుర్ని గుండెకు హత్తుకుని ఏడ్చింది. ఏడ్చి, తలెత్తి, "మా పిల్ల రాసింది మీరెట్టా చదివారండీ?" అని అడిగింది. బాషా కేసు పెట్టమంటే ఆమె ఒప్పుకోలేదు. "ఆడపిల్లండీ. నలుగురి నోళ్ళలో పడొద్దు," అంది. దాంతో ఆ అక్క ఎవరో, అన్నయ్య ఎవరో వెతికినవాళ్ళు లేరు. పోలీసులు మాత్రం అప్పుడప్పుడూ వచ్చి, కార్డుల జిరాక్సులు పద్ధతిగా ఉన్నాయని మెచ్చుకుని వెళ్ళేవారు.

దసరా సెలవులయ్యాక, దుగ్గిరాల నుంచి ట్యూషన్‌కి వచ్చే ఒక చిన్నపిల్ల తెర బాషా ముందు వెలిగింది. "హాయ్ చెల్లీ, నేను రాగసుధ అక్కని."

పాత అలవాటుగా మొహం గోడవైపు తిరగబోయింది. లేచి మెయిన్ స్విచ్ ఆపేశాడు.

"కరెంటు పోయిందా అంకుల్?" అంది పిల్ల.

"లేదమ్మా, నేనే తీశాను." ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. "మీ అమ్మ ఫోన్ నంబరు చెప్పు."