పొయ్యికి పెట్టిన రాయి

పోయిన ఎండాకాలం సత్తుపల్లి నుంచి మేం తోడికోడళ్లం పిల్లల్ని తీసుకుని చర్ల అవతల గుట్టల నడుమ ఉన్న ప్రాజెక్టు చూడ్డానికి వెళ్లాం. నీళ్లు బాగా తగ్గి ఒడ్డంతా బయటపడింది. నాటుకోడి వండడానికి మూడు రాళ్లు కావాలి. రెండు దొరికాయి. మూడోది, బురదలో నిలువుగా పాతి ఉన్నదాన్ని, నేనే ఊపి ఊపి పెకిలించాను.

వండుకుని, తిని, ఫొటోలు దిగాం. అప్పటిదాకా దూరంగా కూర్చుని చూస్తున్న ఓ కోయ ముసలమ్మ లేచి వచ్చింది.

"తినుడు అయిందా బిడ్డా? అయితే గా రాయి ఇయ్యి. సచ్చిపోయిన మా ముసలాయన పేరున పాతింది. ఊరితోటి అదీ మునిగింది. ఎండలకు నీళ్లు తగ్గితేనే కనవడతది."

"ముందే చెప్పొచ్చుగా అవ్వా!" అన్నాను. తప్పు నాది, దబాయింపూ నాదే.

"కూర ఉడుకుతుంటే పొయ్యి రాయి గుంజుతరా ఎవరన్నా?" అన్నది.

ఇంకా కాలుతున్న రాయి మీద నీళ్లు పోస్తే చుయ్యిమంది. అవ్వ తన కొంగుతో ఎంత రుద్దినా మసి పోలేదు. అట్లాగే మోసుకెళ్లి పాతుకుంది.

ఆ రోజు కూర భలే కుదిరిందని మావాళ్లు ఇప్పటికీ నన్ను మెచ్చుకుంటారు.