నా పాఠం కాదు, సునీతది

ఈ బరువు నా గుండెల మీద పెట్టింది ఇంకెవరో కాదు, నేనే. ఇన్నేళ్లూ మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ఊరి చుట్టూ సాఫ్ట్‌వేర్ కంపెనీలు లేస్తున్న రోజులు. విమానాల రద్దీ పెరిగిపోయింది. నేను పద్మారావు నగర్‌లో అద్దెకుండేవాణ్ణి, విమానాశ్రయంలో కంట్రోలర్‌ని. వచ్చే విమానం ఎంత ఎత్తులో, ఎంత వేగంతో రావాలో మైకులో చెప్పడం నా పని. సునీత నా జూనియర్. సైనిక్‌పురిలో ఉండే మాజీ ఎయిర్‌ఫోర్స్ మెకానిక్ కూతురు. సెలవొస్తే ఫ్లయింగ్ క్లబ్బుకు వెళ్లి చిన్న విమానం నడిపేది. అందుకే పైలట్ ఇబ్బంది అతను నోరు విప్పగానే ఆమెకు తెలిసిపోయేది. పైలట్లు ఆమెకు మనసారా థాంక్యూ చెప్పేవాళ్లు. నాకు పొడిగా 'రోజర్', అంటే విన్నాం, అంతే. కుళ్లుకునేవాణ్ణి. ఇంకో మాట ఎందుకు, అది కుళ్లే. శ్రీకాకుళం నుంచి వచ్చి, పుస్తకాలు కంఠతా పట్టి పైకొచ్చినవాణ్ణి. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు నాకంటే ఎక్కువ తెలుసని ఎలా ఒప్పుకోను?

ఒక వానాకాలం సాయంత్రం రెండు విమానాల మధ్య ఎడం తగ్గిపోతోంది. వెనకదాన్ని త్వరగా దిగమన్నాను, వేగమూ తగ్గించమన్నాను. కుదరదన్నాడు పైలట్. ఒళ్లు మండి మళ్లీ అదే చెప్పాను. పక్క కుర్చీలోని సునీత నా చెయ్యి తట్టింది.

"అన్నా, జెర ఆగు. తొందరగా దిగుమంటే స్పీడ్ పెరుగుతది. రెండూ ఒక్కసారే అడిగితే ఎట్లయితది? ముందుగాల స్పీడ్ తగ్గియ్యమను. తర్వాత దింపు."

అలాగే చెప్పాను. విమానం క్షేమంగా దిగింది.

మైకు దగ్గరున్నవాడి పనిలో, ప్రమాదం కనిపిస్తే తప్ప, పక్కవాళ్లు వేలు పెట్టకూడదని మాకో కట్టుబాటు. వెనక నుంచి చూసిన ఆఫీసరు మర్నాడు నన్ను పిలిచి, ఆ అమ్మాయి అడ్డం వచ్చిందా అని అడిగాడు. నా తప్పు దిద్దింది సార్ అంటే సరిపోయేది. అనలేదు. అది ఆమెకు అలవాటే సార్, విమానం తనే నడుపుతున్నాననుకుంటుంది, అన్నాను. మైకు మాటలన్నీ రికార్డయ్యే టేపు కూడా ఆయన వినలేదు. సీనియర్‌ని కదా, నమ్మాడు. కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చే పోస్టుకు సునీత పేరు అనుకుంటున్నారని నాకు తెలుసు. తెలిసే అన్నానా? తెలిసే అన్నాను.

ఆ పోస్టు నాకొచ్చింది. ఆమెను మైకుకు దూరంగా, కాగితాల పనికి మార్చారు. సార్‌కి ఏం చెప్పారని నన్నే అడిగింది. నాకేం తెలుసు అన్నాను, కళ్లు ఎత్తకుండా. కొన్నాళ్లకు ఉద్యోగమే మానేసింది.

తర్వాత నేనేం చేశానో చెప్పడానికి ఇంకా సిగ్గేస్తోంది. వచ్చిన ప్రతి బ్యాచ్‌కీ, ముందు వేగం తగ్గించి తర్వాత దింపమన్న ఆమె మాటే నా పాఠంగా చెప్పాను. విమానం సంగతి తెలియనివాడు విమానానికి దారి చూపలేడని నీతులు కూడా చెప్పాను. మీరు విమానం నడిపారా సార్ అని ఒక కుర్రాడు అడిగితే, నవ్వి ఊరుకున్నాను. అవునని అర్థం చేసుకుని క్లాసంతా చప్పట్లు కొట్టింది. కొట్టనిచ్చాను.

సునీత ఇప్పుడు చిలకలగూడలో ఉంటోందట. వెళ్లే ధైర్యం లేదు. మీ క్షమాపణా అడగను, అది మీరిచ్చేది కాదు. ఆ కుర్రాడికి ఇవ్వాల్సిన జవాబు మాత్రం ఇప్పటికి నోట్లోంచి వచ్చింది: లేదు బాబూ, నేను ఏనాడూ నడపలేదు. నడిపిన మనిషిని నేనే వెళ్లగొట్టాను.