పెందుర్తి గదిలో రికార్డు చేసిన పది నిమిషాలు

దెయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకమూ లేదు. మా నాన్న తణుకు దగ్గరి పల్లె నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి విశాఖ వచ్చిన మనిషి. మిషను ఆగిపోతే కారణం వెతకాలి గాని దిష్టి తియ్యకూడదు అనేవాడు. నేను దాదాపు ఇరవై ఏళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్నాను. తెర మీద ఎంత వింత కనిపించినా, దాని వెనక నేనో నాలాంటి మరొకడో చేసిన తప్పు ఒకటి ఉండి తీరుతుంది. వెతికితే దొరుకుతుంది.

ఈ ఒక్కదానికి దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

డేవిడ్, నేను ఇంజనీరింగులో ఒకే బెంచి. వాళ్ల నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటరు. డేవిడ్ నోట్సు రాయాల్సిన చోట క్రేన్లు గీసేవాడు. చదువయ్యాక ఇద్దరం హైదరాబాదులో ఒక కంపెనీలో చేరి వేరేవాళ్ల వీడియో గేములకు పనిచేశాం. ఎవరిదో గేములో చెట్లకు ఆకులు గీయడం అతని పని. ఆ ఆకులు గాలికి కదిలేలా చేయడం నా పని. నాలుగేళ్లు ఆకులతోనే గడిచిపోయాయి.

"మన హార్బరు ఎవడూ గియ్యనేదు బావా. మనవే సేద్దాం," అన్నాడు ఒకరోజు క్యాంటీనులో. ఆ నెలలోనే ఇద్దరం రాజీనామా ఇచ్చి విశాఖ వచ్చేశాం.

పెందుర్తిలో ఒక టైల్స్ షాపు పైన రెండు గదులు తీసుకున్నాం. స్టూడియోకి లంగరు అని పేరు పెట్టాం. డేవిడ్ చెల్లెలు రూతు అప్పటికి పెళ్లి వీడియోలకు సౌండు సరిచేసేది, ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించేది. మా గేములకు శబ్దాలు తనే చూసుకుంటానని వచ్చింది. మొదటి నుంచి మేము ముగ్గురమే, నాలుగో మనిషి చేరలేదు.

మొదటి గేము ఫోనులో ఆడేది. బోటు నుంచి దిగిన చేపల్ని రకాల వారీగా బుట్టల్లోకి వెయ్యాలి. మూడు వారాలపాటు కాలేజీ పిల్లలు ఆడారు, తర్వాత మర్చిపోయారు. రెండోది సగంలో వదిలేశాం. మూడోది టగ్ గేము. పెద్ద ఓడలకు తాడు కట్టి హార్బరులోకి లాక్కొచ్చే చిన్న పడవను టగ్ అంటారు. మా గేములో ఆడేవాడే ఆ పడవ నడుపుతాడు. తుపాకులు లేవు, శత్రువులు లేరు. గాలి, అలలు, ఓడలు. దాని మీద ఐదేళ్లు పనిచేశాం.

చివరి దృశ్యం దగ్గర ఆగిపోయాం. పనంతా అయ్యాక టగ్ జెట్టీకి తిరిగి వస్తుంది. అక్కడ పడవ నడిపేవాడి ఇంటివాళ్లు నిలబడి ఉంటారు. అంతే. డేవిడ్ ఆ మనుషుల్ని గీసేవాడు, చెరిపేవాడు. ఎనిమిది నెలలు అదే. విడుదల ఫలానా రోజని మేము అప్పటికే చెప్పేశాం.

ఒక శనివారం సాయంత్రం నాకు ఓపిక పోయింది. "ఇంకెన్నిసార్లు చెరుపుతావు? జనం చూసేది నాలుగు సెకన్లు," అన్నాను.

"నాలుగు సెకన్లే బావా. కానీ ఆల్లు ఉత్తినే నిలబడ్డారు. ఎవరికోసవూ సూడ్డం నేదు."

నేను ఆ బొమ్మను ఉన్నది ఉన్నట్టుగా గేములో పెట్టేసి, ఇంకెవరూ మార్చడానికి వీల్లేకుండా ఆ ఫైలును లాక్ చేసేశాను. అతను బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు. రూతు ఆ రోజు రాలేదు.

మర్నాడు చర్చి అయ్యాక డేవిడ్ బండి స్టార్టు చేస్తూ అక్కడే కూలిపోయాడు. గుండె అన్నారు. అతనికి ముప్ఫై ఎనిమిది.

నాకు ఏడుపు రాలేదు. సమాధి దగ్గర నిలబడి, మట్టి వేస్తున్న పార మీద కంపెనీ పేరు చదువుతూ ఉండిపోయాను. బుధవారం ఆఫీసుకు వెళ్లి, గేములో తాడు సరిగ్గా వేలాడటం లేదంటే అది సరిచేశాను. పదో రోజున రూతు కూడా వచ్చింది. ఇద్దరం అతని గురించి మాట్లాడుకోలేదు. తను టిఫిను తెచ్చేది, తినేవాళ్లం, పనిచేసేవాళ్లం.

డేవిడ్ భార్య సునీత అతని వస్తువులు కావాలని కబురు చేసింది. కంప్యూటరుకు తగిలించి బొమ్మలు గీసే పలక, దాని పెన్ను, అతని కుర్చీ. ఆ కుర్చీకి ఒక చక్రం విరిగి, కదిలినప్పుడల్లా కీచుమనేది. దాన్ని ఆటో మీద తాడుతో కట్టింది నేనే. అడవివరంలో వాళ్లింటికి వెళ్లి దింపిందీ నేనే. గదిలో ఖాళీ బల్ల మిగిలింది.

కుర్చీ వెళ్లిపోయాక ఒక మంగళవారం జరిగిన సంగతి ఇది.

గేములో టగ్ క్యాబిన్ తలుపు వేసినప్పుడు లోపల వినిపించడానికి రూతుకు ఒక గది నిశ్శబ్దం కావలసి వచ్చింది. ఏ శబ్దమూ లేని గదికి కూడా తనదైన ఒక సన్నని హోరు ఉంటుందట. అది రికార్డు చేసి వెనక పెట్టకపోతే మాటలు కత్తిరించి అతికించినట్టు ఉంటాయట. మంగళవారం కింద టైల్స్ షాపుకు సెలవు. ఉదయం పదకొండు గంటలకు ఫ్యాన్లు, కంప్యూటర్లు, ఫ్రిజ్జు అన్నీ ఆపి మెయిను కూడా దించేశాం. కిటికీలు వేశాం. గది మధ్య స్టాండు మీద బ్యాటరీ రికార్డరు పెట్టి, రూతు తేదీ, సమయం చెప్పి ఒకసారి చప్పట్లు కొట్టింది. ఇద్దరం బయటికి వచ్చాం. నేను తాళం వేశాను. రెండు గదులకూ కలిపి బయటికి ఉన్నది ఒకటే తలుపు. మెట్ల మీద కూర్చున్నాం.

మధ్యలో సందులోకి మైకు పెట్టుకుని ఉల్లిపాయల ఆటో వచ్చింది. "ఈడిప్పుడే రావాలేటి," అని రూతు విసుక్కుంది. పది నిమిషాలు కాగానే తాళం తీశాం. గది ఎలా ఉన్నది అలాగే ఉంది.

భోజనం అయ్యాక రూతు హెడ్‌ఫోన్సు పెట్టుకుని వింటోంది. కాసేపటికి తీసేసింది. మళ్లీ పెట్టుకుంది. ముఖంలో ఏ మార్పూ లేదు. వాటిని నా వైపు జరిపింది.

"ఇదేటో సూడండి మురళి గారూ."

రూతు గొంతు, చప్పట్లు, తాళం వేసిన చప్పుడు అయ్యాక మొదటి ఆరు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఒక కుర్చీ జరిగింది. కీచుమంది. ఆ వెంటనే పలక మీద ప్లాస్టిక్ పెన్ను శబ్దం. టక్, టక్ అని రెండు దెబ్బలు, తర్వాత రాపిడి. మళ్లీ రెండు దెబ్బలు, రాపిడి. పెన్ను పెట్టే ముందు అలా రెండుసార్లు కొట్టడం డేవిడ్ అలవాటు. నేను పదిహేనేళ్లు పక్కన కూర్చుని విన్న శబ్దం. మూడున్నర నిమిషాలు సాగింది. దాని మీదుగా ఉల్లిపాయల ఆటో వచ్చి వెళ్లింది. తర్వాత కుర్చీ మళ్లీ కీచుమంది. కాసేపటికి నా తాళంచెవి చప్పుడు.

కుర్చీ అడవివరంలో ఉంది. పలక, పెన్ను కూడా అక్కడే ఉన్నాయి.

నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను. రికార్డరులో వేసింది ఆ రోజే విప్పిన కొత్త కార్డు. అందులో ఉన్నది ఒకే ఫైలు, ఎక్కడా అతుకు లేదు. పాతదేదో కలిసిపోయిందనుకుందామంటే మొదట రూతు గొంతు, చివర తాళం, మధ్యలో మేమిద్దరం మెట్ల మీద విన్న ఆటో. పక్కన ఖాళీ స్థలం. కింద షాపులో ఎవరూ లేరని యజమానిని అడిగి తెలుసుకున్నాను. తర్వాత మూడు మంగళవారాలు అలాగే రికార్డు చేశాం. నిశ్శబ్దం తప్ప ఏమీ రాలేదు. తెలిసిన సౌండు ఇంజనీరుకు ఏమీ చెప్పకుండా ఆ ముక్క పంపాను. ఎవరో ఆర్టిస్టు పని చేసుకుంటున్నాడు, శుభ్రంగా వచ్చింది, ఏ మైకు వాడారు అని జవాబిచ్చాడు.

మేము భయపడ్డామా అని అడుగుతారు. లేదు. ఆ రోజు టీ పెట్టుకుని తాగాం.

"బయ్యమేత్తే బాగుణ్ను," అంది రూతు గ్లాసు కడుగుతూ. "ఏటీ అవ్వడం నేదు నాకు."

వదినకు చెప్పొద్దంది. నెల తర్వాత తనే, దాచడం తప్పేమో అంది. ఇద్దరం అడవివరం వెళ్లాం. సునీత డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని రెండుసార్లు విన్నది. తర్వాత నన్ను చూసింది.

"గీత్తన్నారనుకున్నారా అన్నయ్యా? గియ్యడం కాదిది. సెరుపుతన్నారు."

లోపలికి వెళ్లి పలక, పెన్ను తెచ్చింది. పెన్ను మొనతో గీసి చూపించింది. సన్నటి శబ్దం. తిప్పి పట్టుకుని, గీసింది చెరపడానికి వాడే వెనక వైపుతో రుద్ది చూపించింది. మందంగా, ముందుకీ వెనక్కీ. మళ్లీ విన్నాం. ఆమె చెప్పిందే నిజం. ఆ మూడున్నర నిమిషాల్లో ఒక్క గీత కూడా లేదు.

శనివారం గొడవ నేనెవరికీ చెప్పలేదు. అప్పుడు చెప్పాను.

సునీత పెన్ను బల్ల మీద పెట్టింది. "ఇంటికొచ్చి ఏటీ సెప్పనేదు. అన్నం తిని పడుకున్నారు."

మర్నాడు స్టూడియోలో డేవిడ్ గీసిన ప్రతి బొమ్మ ఫైలునూ, అతను బతికున్న చివరి శనివారం తీసి ఉంచిన కాపీతో పోల్చి చూశాను. ఒక్క చుక్క కూడా మారలేదు. జెట్టీ మీద మనుషులు ఎలా ఉన్నవాళ్లు అలాగే నిలబడి ఉన్నారు. ఆ ఫైలు లాక్ తీశాను. తీసినా దాన్ని మళ్లీ గీయగలిగినవాడు లేడు. వేరేవాళ్లతో గీయించడానికి నాకూ రూతుకూ మనసొప్పలేదు. చివరికి ఆ మనుషుల్ని దృశ్యంలోంచి తీసేశాం. టగ్ ఖాళీ జెట్టీకి వచ్చి ఆగుతుంది. గేము అయిపోతుంది.

"అన్నకి కావలిసింది ఇదేనంటారా?" అని రూతు అడిగింది.



అలాగే విడుదల చేశాం. కొద్దిమందే ఆడారు. ఆడినవాళ్లు మంచిమాటలే రాశారు. ఒకతను మాత్రం, చివర్లో ఎవరో వస్తారేమోనని చాలాసేపు తెర కట్టెయ్యకుండా కూర్చున్నానని రాశాడు. మరుసటి ఏడు స్టూడియో మూసేశాం. గొడవలేమీ లేవు. తర్వాత ఏం చేద్దామన్న ప్రశ్న ఇద్దరిలో ఎవరమూ అడగలేదు, అంతే. రూతు మళ్లీ పెళ్లి వీడియోల సౌండు చేస్తోంది. నేను రుషికొండలో ఒక ఆఫీసులో, ఆసుపత్రులకు టోకెన్లు ఇచ్చే ప్రోగ్రాము రాస్తున్నాను.

పోయిన నెల మధ్యాహ్నం సునీత ఫోను చేసింది. ఆ మూడున్నర నిమిషాల ముక్క తన ఫోనులో ఉంది. వంట చేసేటప్పుడు పెట్టుకుంటానంది.

"దాని ముందర ఇంకో ఆరు నిమిషాలుందన్నారు కదా అన్నయ్యా. అది కూడా పంపండి."

"అందులో ఏమీ లేదమ్మా. ఉత్త నిశ్శబ్దం."

"కుర్సీ కదపకముందు కూడా ఆయన అక్కడే కదా ఉంటారు," అంది.

ఆ సాయంత్రం ఆఫీసు అయ్యాక హెడ్‌ఫోన్సు పెట్టుకుని ఆ ఆరు నిమిషాలు మొదటి నుంచి విన్నాను. ఒక్క చప్పుడూ లేదు. పంపించాను. ఇది ఏమిటో, ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.