పొడి వేయని సీసాలు

మునిసిపల్ ఆఫీసులో అందరూ ఆయన్ని సీసాల మావయ్య అంటారు. ఏ కాలువ గట్టున చూసినా భుజాన సీసాల పెట్టెతో కనిపిస్తాడు మరి. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసును కూడా వెలుతురుకెత్తి చూసిగానీ తాగడు. "నేను పట్టిన నీళ్ళేనండీ, విషమేం కలపలేదు" అని భార్య దెప్పుతూ ఉంటుంది. అంత జాగ్రత్త మనిషి. అలాంటివాడు తప్పు చేస్తే ఒప్పుకోవడం మరీ కష్టం.

పెద్ద వాన పడితే వాననీరూ మురుగునీరూ కలిసి గొట్టాల్లో పట్టక, పొంగి ఏట్లోకి పోతాయి. పోయేముందు వాటిలో క్లోరిన్ మందు కలపడానికి కాలువలో కొత్త యంత్రం దించారు. దాని పంకా మందును సరిగా కలుపుతోందో లేదో తేల్చడం మావయ్య పని. గొట్టాలు పొంగితేగానీ ఆ పరీక్ష కుదరదు. వాన కోసం ఇంజనీరుతో సహా అందరూ నెలల తరబడి ఆకాశంకేసి చూశారు.

చివరికి ఒక మధ్యాహ్నం కుండపోతగా కురిసింది. మావయ్య నిలువునా తడుస్తూ, కాలువ చివర సీసా తర్వాత సీసా ముంచి తీశాడు. ప్రతి సీసాలోనూ ముందే చిటికెడు పొడి వేసి ఉంచాలి. నీళ్ళు పట్టిన క్షణానే మందు పనిని ఆపేస్తుంది ఆ పొడి. అది లేకపోతే ల్యాబుకు చేరేదాకా మందు సీసాలో క్రిములను చంపుతూనే ఉంటుంది. ఏట్లో బతికిపోయే క్రిములు సీసాలో చచ్చి ఉంటాయి. సాయంత్రం ఇంటికొచ్చి తడిచొక్కా విప్పుతుంటే జేబులోంచి పొడి పొట్లం జారిపడింది. కట్టు కూడా విప్పలేదు.

మర్నాడు చెప్పేద్దామనే బయల్దేరాడు. ఇంజనీరు ఎదురొచ్చి, "మళ్ళీ ఇలాంటి వాన ఎప్పుడో! గట్టెక్కించావు మావయ్యా" అని చేతులు పట్టుకున్నాడు. మావయ్య పొట్లం సంగతి ఎత్తకుండానే తన బల్లకేసి నడిచాడు. క్రిములు లేనట్టేనని ఫలితం వచ్చింది. యంత్రం పాసయింది. ఏటి ఒడ్డున దిగరాదన్న బోర్డు పీకేశారు.

ఏటి పక్క వీధిలోనే ఆయన అక్క ఇల్లు. "మనవరాలు ఏట్లో ఆడతానని నా ప్రాణం తోడేస్తోందిరా తమ్ముడూ, దింపచ్చా?" అని అడిగింది.

"దింపక్కా. పరీక్ష చేసింది నేనేగా" అన్నాడు.

ఆ పూట అన్నం సయించలేదు. యంత్రం మంచిదే అయి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. తనకు తాను సర్దిచెప్పుకునేటప్పుడు మనిషికి ఎంత తెలివి పుట్టుకొస్తుందో!

మళ్ళీ పెద్ద వాన పడి వెలిశాక, ఏట్లో ఆడొచ్చిన మనవరాలు వాంతులూ విరేచనాలతో ఆసుపత్రి పాలైంది. మావయ్య వెళ్ళేసరికి పిల్లకు సెలైన్ ఎక్కుతోంది. వరండాలో అక్కమీద కోడలు విరుచుకుపడుతోంది.

"నిన్నటి కూర పెట్టొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానత్తయ్యా!"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. తమ్ముణ్ణి చూడగానే బావురుమంది. "నీళ్ళంటే నువ్వు చూసినవాయె, వాటికి వంకపెట్టలేం. నా చేత్తో నేనే దాని ప్రాణం మీదికి తెచ్చానురా."

మావయ్య మింగి కూర్చున్న తప్పును అక్క నెత్తినేసుకుంటోంది. సిగ్గుతో చచ్చిపోతూ ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"కూర కాదక్కా. నేను" అన్నాడు. పొడి సంగతి, పొట్లం సంగతి అంతా కక్కేశాడు.

కోడలు నిర్ఘాంతపోయింది. అక్క కళ్ళు తుడుచుకుంది.

"నేనడిగిన రోజుకే తెలుసా నీకు?"

"తెలుసు."

చెంప పగలగొడుతుందనుకున్నాడు. కొట్టినా బాగుండేది.

"నాకొక్కదానికేనా, ఇంకెవరికైనా దిగమని చెప్పావా?"

"వీధిలో అడిగినవాళ్ళందరికీ చెప్పానక్కా."

అక్క అతని జబ్బ పట్టుకుని లేవదీసింది.

"బడి వదిలే వేళయింది. పిల్లలంతా తిన్నగా ఏటికే పోతారు. ఏడుపు తర్వాత, ముందు పరిగెత్తు!"