మేస్త్రీ ఎక్కనన్న డాబా

విశాఖపట్నం స్టేషన్లో రైలు దిగేసరికి ఉదయం ఆరూ పది. జూన్ నెల. సామాను ఒక ఇనప ట్రంకు, ఒక హోల్డాల్, భుజానికి కిట్ బ్యాగు. అంతకుముందు రెండేళ్లు మంచుకొండల్లో సిగ్నల్స్ హవల్దారుగా ఉన్నాను. అక్కడ మీసం మీద ఊపిరి గడ్డకట్టేది. ఇక్కడ ప్లాట్‌ఫారం దాటకముందే చొక్కా వీపుకి అతుక్కుపోయింది. హార్బరు వైపు నుంచి ఇనప ఖనిజం ధూళి, దానితోబాటు చేపల వాసన. నాకు ప్రాణం లేచివచ్చింది. మాది తగరపువలస. పదకొండేళ్ల సర్వీసులో మా ఊరికి ఇంత దగ్గరగా ఎప్పుడూ పోస్టింగు పడలేదు.

డ్యూటీ కాలేజీ కేడెట్లకి వైర్‌లెస్ నేర్పడం. మూడేళ్లు. సైన్యంలో దీన్ని శాంతి పోస్టింగు అంటారు. తుపాకీ మోత ఉండదు, నెలకోసారి ఇంటికి పోవచ్చు. ఊళ్లోవాళ్లు ఇప్పటికీ నన్ను సరిహద్దు గురించే అడుగుతారు. మంచులో ఏం చూశావు, భయమేసిందా అని. నాకు భయం తెలిసింది సరిహద్దులో కాదు. కూర్మన్నపాలెంలో, ఒక ఆదివారం పొద్దున్న, పదీ నలభైకి.

యూనిట్లో మేం తొమ్మిదిమందిమి. అందరిపైనా సుబేదార్ సాబ్. జీపు డ్రైవరుది నాయక్ హోదా, పద్మనాభం అనే ఊరి రైతుబిడ్డ. భుజాలు తలుపంత వెడల్పు. నన్ను పరేడులో 'హవల్దార్ గారూ' అనేవాడు. పరేడు అయిపోయిన మరుక్షణం 'బావా'. వాడి కాపురం కూర్మన్నపాలెంలో. స్టీలు ప్లాంటు లేస్తున్న రోజులు. ఎక్కడ చూసినా కొత్త ఇళ్లు, ఎర్రమట్టి, లారీలు.

అప్పటికి ఊళ్లో టీవీ ప్రసారం మొదలై ఎన్నాళ్లో కాలేదు. మా రిక్రియేషన్ రూముకి ఒక టీవీ వచ్చింది. సుబేదార్ సాబ్ నన్ను పిలిచాడు.

"వన్‌టౌన్‌లో ఖాదర్ భాయ్ అని ఒక మేస్త్రీ ఉన్నాడట. యాంటెన్నా బాగా బిగిస్తాడంటున్నారు. కబురు పెట్టండి."

నాకు చురుక్కుమంది. "సిగ్నల్స్ వాణ్ని నేనుండగా బయటి మేస్త్రీ ఎందుకు సార్? కొండ మీద గాలివానలో వైర్‌లెస్ మాస్టు స్తంభం ఎత్తినవాణ్ని."

"చేయగలరా?"

"రెండు రోజులు ఇవ్వండి."

ఒకటిన్నర రోజులో చేశాను. అల్యూమినియం గొట్టాలు కొలిచి కోశాను. ముందు చిన్నవి, వెనక పెద్దది, నడుమ మడిచిన గొట్టం. దాన్నుంచి టీవీదాకా చదునైన రిబ్బన్ వైరు. డాబా మీద నేను, రూములో డ్రైవరు, మధ్యన స్టోరులోంచి తెచ్చిన ఫీల్డ్ టెలిఫోను.

"రూము నుంచి డాబాకి. బొమ్మ ఒచ్చింది. మాట రాలేదు. ఓవర్."

"కుడికి తిప్పుతున్నాను. ఇప్పుడు? ఓవర్."

"మాటొచ్చింది. బొమ్మ పోయింది. ఓవర్."

"ఇప్పుడు?"

"రెండూ ఒచ్చీసినాయి బావా! అద్దంలా ఉంది! ఓవర్ ఓవర్!"

ఆ సాయంత్రం యూనిట్ అంతా టీవీ ముందు కూర్చుంటే నేను మాత్రం బయటికి వెళ్లి డాబా వైపు చూస్తూ నిలబడ్డాను. గర్వపడ్డాను. దాచుకోవలసిన అవసరం లేదు, చాలా గర్వపడ్డాను. తర్వాత నాలుగైదు ఇళ్లకి నేనే కట్టించాను. కొలతలు కాగితం మీద గీసి, అడిగినవాళ్లకల్లా ఇచ్చాను. ఆ కాగితంలో ప్రతి గొట్టం పొడుగూ ఉంది, గొట్టానికీ గొట్టానికీ మధ్య ఎడం ఉంది. డాబా ఎక్కగానే ముందు దేన్ని చూసుకోవాలో మాత్రం లేదు.

రెండో ఏడు ఆగస్టులో డ్రైవరు టీవీ కొన్నాడు. కూర్మన్నపాలెందాకా ప్రసారం పలచబడి వచ్చేది, మధ్యలో కొండలు అడ్డం. పైపు ఎత్తుగా ఉండాలి. ఇరవై అడుగులైనా కావాలన్నాను. ఆదివారం వస్తాను, ఇద్దరం కలిసి ఎత్తేద్దాం అని మాటిచ్చాను.

ముందురోజు రాత్రంతా వాన. ఆదివారం తొమ్మిదింబావుకి బస్సు దిగాను. అప్పటికి వాన వెలిసింది, సముద్రపు గాలి మాత్రం గట్టిగా వీస్తోంది. డ్రైవరు ఇంటి ముందు ఒక సైకిలు ఉంది. దాని కడ్డీకి పొడుగాటి వెదురు గెడ కట్టి ఉంది, వెనక వైరు చుట్ట. పక్కన తెల్ల టోపీ పెట్టుకుని యాభై ఏళ్ల మనిషి. ఖాదర్ భాయ్. మూడిళ్ల అవతల ఎవరికో యాంటెన్నా బిగించడానికి వచ్చాడట. డ్రైవరు భార్య అతన్ని ఆపి, మా డాబా కూడా ఒకసారి చూడమని బతిమాలింది. అతను పైకి వెళ్లి, అప్పుడే దిగి వచ్చాడు.

"ఈ డాబా నాను మళ్లీ ఎక్కను సాబ్," అన్నాడు నాతో.

"ఎందుకు?"

"పిట్టగోడ పక్కనే పెద్ద లైను పోతంది. పైపు ఇరవై అడుగులంటన్నారు. గాలి సూసారా? సెయ్యి జారితే అయిపోద్ది. కరెంటోళ్లకి సెప్పి లైను ఆపించండి, నాను ఒచ్చి బిగిత్తాను. లేదంటే పైపు తగ్గించండి."

నేనూ పైకి వెళ్లాను. నేనా తీగలు చూడలేదని చెప్పను. చూశాను. ఎడమవైపు పిట్టగోడకి ఆరేడడుగుల దూరంలో, ఇంచుమించు నా తల ఎత్తున, మూడు తీగలు. నేను నిలబెట్టేది డాబా నడుమ. చాలు అనుకున్నాను. కిందికి వచ్చి నవ్వాను.

"భాయ్, ఇలాంటి మాస్టులు మంచులో, చేతులు కొంకర్లు పోతుంటే ఎత్తినవాళ్లం మేం. నువ్వు నీ పని చూసుకో."

అతను నా మొహంలోకి ఒక క్షణం చూశాడు. "జాగ్రత సాబ్," అని సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

డ్రైవరు భార్యకి మనసొప్పలేదు. "అన్నయ్యా, ఆయన అంతలా సెప్తన్నాడు గదా. ఇంకో రోజు సేసుకుందురు."

"ఏటి, నీకు మా బావ మీద నమ్మకం లేదేటి?" అన్నాడు డ్రైవరు, లుంగీ ఎగ్గట్టుకుంటూ.

పదింటికి పైపు నిలబెట్టాం. అటూ ఇటూ ఇనప తీగతో లాగి కట్టాం. నేను కిందికి దిగి టీవీ గదిలో కిటికీ దగ్గర నిలబడ్డాను. వాడు పైన. ఈసారి ఫోను లేదు, కేకలే. తెరమీద చుక్కలు తప్ప ఏమీ లేదు.

"తిప్పు!"

"తిప్పుతన్నాను! ఒచ్చిందేటి?"

"లేదు! కొండ అడ్డం వస్తోంది. అక్కణ్నించి జరపాలి. కట్టు వదులు చేసి, పైపు ఎడమకి జరుపు!"

"ఎంత?"

"రెండడుగులు!"

చుక్కలు కొంచెం పలచబడ్డాయి. నీడలా ఏదో కదిలింది.

"వస్తోంది! ఇంకో రెండడుగులు!"

"గాలి లాగేత్తంది బావా!"

"గట్టిగా పట్టుకో! ఇంకొంచెం!"

ఒక్కసారిగా బొమ్మ వచ్చింది. చీర కట్టుకున్న ఒకామె ఏదో చదువుతోంది. ఆమె చెవి కమ్మలు కూడా కనిపించేంత స్పష్టంగా.

"వచ్చింది! అక్కడే ఉంచు!" అని అరిచాను.

నా మాట పూర్తయిందో లేదో తెలియదు. పైన ఫిరంగి పేలినట్టు చప్పుడు. టీవీ వెనక నీలంగా మెరిసింది, తెర నల్లబడింది. ఫ్యాను ఆగిపోయింది. గదిలో కాలిన వాసన. ఆ చప్పుడు శత్రువుది అనుకున్నాను. నిజంగానే. ఒక్క క్షణం నేనెక్కడున్నానో తెలియలేదు, నేల మీద పడుకోబోయాను.

మెట్లు ఎలా ఎక్కానో గుర్తు లేదు. పైపు వంగి తీగల మీద ఆని ఉంది. డ్రైవరు రెండు గజాల అవతల వెల్లకిలా పడి ఉన్నాడు. కుడి చెయ్యి నల్లగా ఉంది. నాకూ వాడికీ మధ్య, తడి డాబా మీద అడ్డంగా, పైపుకి కట్టిన ఇనప తీగ. ఇంట్లో కరెంటు పోయింది కదా, లైను కూడా చచ్చిపోయిందనుకున్నాను. తీగ పక్కకి లాగడానికి వంగాను.

"ముట్టుకోకు! సాబ్! ముట్టుకోకు! కరెంటు మళ్లీ ఇచ్చేత్తారు!"

మూడిళ్ల అవతల డాబా మీద నుంచి ఖాదర్ భాయ్. ఆ గొంతులో ఏముందో, నా చెయ్యి ఆగిపోయింది. తీగకి జానెడు దూరం. వెనకే మెట్లెక్కి వస్తున్న డ్రైవరు భార్యని రెండో చేత్తో అడ్డుకున్నాను.

అలాగే ఉన్నాం. ఎంతసేపో చెప్పలేను. నాలుగైదు ఊపిర్లేమో. అంతలో ఆ తీగ బతికింది. డాబా పొడుగునా నీలం మంట పాకింది. సిమెంటు చిట్లి పెంకులు నా మోకాలికి తగిలాయి. తర్వాత మళ్లీ ఆగిపోయింది. డ్రైవరు తీగకి అవతల పడ్డాడు కాబట్టి వాణ్ని మళ్లీ తాకలేదు.

ఖాదర్ భాయ్ వెదురు గెడతో పరిగెత్తుకొచ్చాడు. నన్ను మోచేత్తో వెనక్కి తోసి, గెడతో పైపుని ఒక్క పొడుపు పొడిచాడు. అది తీగల మీంచి జారి ఖాళీ స్థలంలో పడింది. ఇనప తీగని కూడా గెడతోనే పక్కకి ఈడ్చేశాడు.

"ఇప్పుడు ఎల్లండి."

డ్రైవరుకి ఊపిరి లేదు. ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కాను. శిక్షణలో చెప్పిన లెక్క నోరు దానంతటదే చెబుతోంది. నోట్లో నోరు పెట్టి ఊదాను. మళ్లీ నొక్కాను. ఖాదర్ భాయ్ వాడి తల పట్టుకుని ఏదో ప్రార్థన చదువుతున్నాడు. వాడి గొంతులో గురకలాంటి శబ్దం వచ్చినప్పుడు నా వాచీలో పదీ నలభై ఆరు.

రోడ్డు మీద ఇసుక లారీని ఆపి, దాని వెనక పడుకోబెట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయాం.

వాడికి తెలివి వచ్చింది మూడోరోజు. అప్పటికే కుడి చెయ్యి భుజం కింద నుంచి తీసేశారు. నేను మంచం పక్కన నిలబడ్డాను. వాడు పెదాలు తడుపుకుని అడిగిన మొదటి మాట ఇది:

"బావా, ఆకర్న బొమ్మ ఒచ్చిందేటి?"

వచ్చిందన్నాను. బయటికి వెళ్లి వరండాలో గోడకి తలకొట్టుకున్నాను. ఒక నర్సు వచ్చి నన్ను పక్కకి లాగింది.

యూనిట్లో విచారణ జరిగింది. డ్రైవరు ఆసుపత్రి మంచం మీద చెప్పింది రాసుకొచ్చారు. 'యాంటెన్నా నేనే ఎత్తాను. హవల్దార్ గారు లోపల కూర్చుని ఉన్నారు. ఆయనకేమీ తెలియదు.' సుబేదార్ సాబ్ ఆ కాగితం నా ముందు పెట్టాడు.

"అతనే చెప్పాడు. మీరు కింద సంతకం పెడితే చాలు."

పెన్ను పట్టుకున్నాను. పై ర్యాంకుకి నా పేరు వెళ్లి అప్పటికి నెల. ఆ సంగతి గుర్తుకొచ్చింది, రాలేదంటే అబద్ధం. పెన్ను కింద పెట్టేశాను.

"సార్, ఎడమకి జరపమని చెప్పింది నేను. గాలి లాగుతోందని వాడన్నాడు. ఇంకొంచెం అన్నాను. మేస్త్రీ వద్దన్నా నవ్వింది కూడా నేనే."

సుబేదార్ సాబ్ ఆ కాగితాన్ని వెనక్కి తీసుకున్నాడు. తర్వాత తెల్ల కాగితం తీసి ఇచ్చాడు. "కూర్చోండి. మొదటినుంచీ రాయండి."

నా రికార్డులో ఎర్ర సిరా పడింది. ర్యాంకు ఆగిపోయింది. అది నాకు శిక్షలా అనిపించలేదు. డ్రైవరుని పెన్షనిచ్చి ఇంటికి పంపేశారు.

సెప్టెంబరులో ఒకరోజు వన్‌టౌన్‌లో ఖాదర్ భాయ్ కొట్టుకి వెళ్లాను. కృతజ్ఞత చెప్పాలనే బయల్దేరాను. తీరా వెళ్లాక నా నోట వేరే మాట వచ్చింది.

"నీకంత తెలిసినప్పుడు నన్ను గట్టిగా ఎందుకు ఆపలేదు భాయ్?"

అతను చేతిలో గొట్టం కింద పెట్టాడు. "ఆపాను సాబ్. తమరు నవ్వారు."

అతను గొట్టం మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"మిలట్రీ ఆయన, నాకంటే తెలిసినాయన, లెక్కలుంటాయిలే అనుకున్నాను," అన్నాడు. "ఆ డాబా మెట్ల మీద అడ్డంగా కూకుండిపోవలసింది. నాను ఎల్లిపోయాను. రోజూ అదే అనిపిత్తాది. కూకోండి, టీ తాగి ఎల్దురు."

తాగాను.

మూడేళ్లూ పూర్తయ్యాక అదే ట్రంకు, అదే హోల్డాల్‌తో మళ్లీ ఉత్తరాదికి రైలెక్కాను. ఇంకో ఎనిమిదేళ్లు చేసి రిటైరై తగరపువలస వచ్చేశాను. డ్రైవరు పద్మనాభంలో పొలం చూసుకుంటున్నాడు. ఎడం చేత్తో నాగలి పట్టడం నేర్చుకున్నాడు. ఏడాదికి రెండుసార్లయినా వెళ్తాను. ఆ ఆదివారం గురించి మేమిద్దరం మాట్లాడుకోం.

విచారణ కాగితంలో నేను అన్నీ రాశాను, గంటలతో సహా. ఒకటి మాత్రం రాయలేదు. దాన్ని ఎక్కడ రాయాలో, అది ఏ ప్రశ్నకి జవాబో నాకు తెలియలేదు.

వాణ్ని మోసుకుని మేం మెట్లు దిగుతున్నప్పుడు వెనక్కి చూశాను. వాడు నిలబడ్డ చోట వాడి రబ్బరు చెప్పులు రెండూ అలాగే ఉన్నాయి. వాడు ఎగిరి అవతల పడ్డాడు గానీ అవి కదల్లేదు. పక్కపక్కన, ఇంకా ఎవరో వాటిలో నిలబడి ఉన్నట్టు. ఒకదాని మడమ దగ్గర చిన్న రంధ్రం, అందులోంచి సన్నగా పొగ. వాడి భార్య అంతవరకు అరుస్తూనే ఉంది. ఉన్నట్టుండి అరుపు ఆపేసింది. వంగి ఆ చెప్పులు తీసుకుంది. మా వెనకే మెట్లు దిగి వచ్చింది. లారీ ఇంజను ఆన్‌లో ఉంది, అందరూ రమ్మని కేకలేస్తున్నారు. ఆమె ముందు గుమ్మం దగ్గరికి వెళ్లి, తోవకి అడ్డం రాకుండా గోడవారగా, ఆ చెప్పులు జతగా సర్దిపెట్టింది. అప్పుడొచ్చి లారీ ఎక్కింది.