నేను విజిటర్‌ని కాదండీ, అన్నం తినిపించేవాణ్ణి

నిరుడు మామిడి సీజన్ మొదట్లో ఒక రోజు మా రత్నం మచ్చకాయను మొదటి రకం ట్రేలో వేసింది. ముప్పై ఏళ్ళుగా ఆగిరిపల్లి తోట షెడ్డులో మామిడికాయలు గ్రేడింగ్ చేస్తున్న మనిషి. బొటనవేలు ఆనించి కాయ ఎన్నాళ్ళకు మాగుతుందో చెప్పేస్తుంది. "ఏంటి రత్నం, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయావా?" అని ఆటపట్టించాను. నేను ఒకటంటే నాలుగు అంటించే నా భార్య ఏమీ అనలేదు. మూతి ఒక పక్కకు వంకరపోయింది. చేతిలో కాయ జారిపోయింది.

విజయవాడ ఆస్పత్రిలో సీటీ స్కాన్ తీశారు. "స్ట్రోక్ అండీ. రైట్ సైడ్ వీక్‌నెస్ ఉంది. స్పీచ్, స్వాలోయింగ్ రెండూ దెబ్బతిన్నాయి" అన్నారు డాక్టర్ గారు. మింగలేదు కాబట్టి ముక్కులోంచి పొట్టలోకి తిండి పంపే రైల్స్ ట్యూబ్ వేశారు. మాకు పిల్లల్లేరు. ట్యూబ్‌తో ఉన్న మనిషిని ఒక్కణ్ణే చూసుకోలేక, డిశ్చార్జ్ అయ్యాక నూజివీడులో ఒక కేర్ హోమ్‌లో చేర్చాను. అక్కడ విజిటర్లకు ఆదివారం సాయంత్రం ఒక్క గంటే.

మొదటి ఆదివారమే తప్పు చేశాను. మేం పనిచేసే తోటలో చెట్టునే పండుబారి రాలిన మొదటి పండును అమ్మరు. అది పనిచేసేవాళ్ళ నోట్లోనే పడాలి. ఏటా మా వాళ్ళు దాన్ని రత్నానికే ఇస్తారు. నిరుడు చిన్నరసం పండు పడింది. కండువాలో దాచి తీసుకెళ్ళి, మెత్తగా పిసికి, తొడిమ తీసి, జుర్రమని ఆమె పెదాలకు పెట్టాను. రెండు చుక్కలు దిగాయో లేదో దగ్గు మొదలైంది, ముఖం నల్లబడింది. మూడో రోజుకు జ్వరం. ఎక్స్‌రే చూసి ఆస్పిరేషన్ న్యూమోనియా అన్నారు, అంటే తిండి ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నమాట. నా చేతులతో నేనే చేశాను. ఈ మాట రాయడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

"మీ ప్రేమతో ఆవిడ ప్రాణం మీదకు తెచ్చారండీ. ఇక రావద్దు" అన్నారు మేనేజర్ మేడమ్. సంచి చంకలో పెట్టుకుని బయటికొచ్చాను.

మూడు వారాలు గేటు బయటే నిలబడ్డాను. జ్వరం తగ్గింది కానీ, మింగడం నేర్పుదామని ఆయా చెంచా పెడితే రత్నం పళ్ళు బిగించేసేదట. ఇలాగైతే పొట్టకు రంధ్రం చేసి పెగ్ ట్యూబ్ వేయించాలన్నారు. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. గేటు పట్టుకుని వీధంతా వినపడేలా అరిచాను. వాచ్‌మన్ తాళం కూడా వేశాడు. నా కోపం నాకెప్పుడూ కలిసిరాలేదు.

అప్పుడే, ఆ హోమ్‌లో మాట, మింగడం నేర్పే స్పీచ్ థెరపిస్ట్ అమ్మాయి నా పక్కన బండి ఆపింది. "అరిస్తే లోపల పిన్నిగారు బెదిరిపోతారు బాబాయ్ గారూ. డిశ్చార్జ్ సమ్మరీ ఏదండీ?"

చంకలో సంచిలోనే ఉంది. ఇంగ్లీషు నాకు రాదు. ఆ అమ్మాయి మూడో పేజీ అడుగున వేలు పెట్టి చదివింది. "ఇంటివాళ్ళకు తినిపించడం నేర్పాలని డాక్టర్ గారే రాశారు. మీరు విజిటర్ కాదు బాబాయ్ గారూ, దగ్గరుండి చూసుకునే కేర్‌గివర్!"

ఎగిరి గంతేశాను! అన్నాళ్ళూ ఆ ముక్క నా చంకలోనే ఉంది!

ముందు మేడమ్‌కు క్షమాపణ చెప్పాను. తర్వాతే కాగితం చూపించాను. "మళ్ళీ ఏదైనా అయితే?" అన్నారావిడ.

"ఈ అమ్మాయి సరే అనేదాకా చెంచా ముట్టనండీ. రాసిస్తాను."

ఆవిడ కాగితం మళ్ళీ చదివి, రిజిస్టర్‌లో నా పేరు పక్కన కేర్‌గివర్ అని రాశారు. రోజూ మధ్యాహ్నం గంటన్నర!

వారం రోజులు శిక్షణ. నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కిందికి దించాలి, చెంచాలో సగమే పెట్టాలి. మింగాక "ఆ" అనిపించాలి. గొంతు గరగరమంటే ఆపేయాలి. ఎనిమిదో రోజు, థెరపిస్ట్ పక్కనే ఉండగా, వడకట్టిన చిక్కటి బంగినపల్లి గుజ్జు పట్టుకెళ్ళాను. సగం చెంచా తీసి పెదాల దగ్గర పెట్టాను. రత్నం నన్ను చూసి నోరు తెరిచింది! మింగింది! దగ్గు లేదు!

"ఆ అను రత్నం" అన్నాను.

మొహం చిట్లించింది. "మా... గ... లేదయ్యా" అంది.

నెలన్నర తర్వాత నేను విన్న మొదటి మాట అది. అందరి ముందూ భోరుమన్నాను. గుమ్మంలో మేడమ్ కూడా కళ్ళు తుడుచుకున్నారు.

ఇంకో పన్నెండు రోజులకు ముక్కులో ట్యూబ్ తీసేశారు. ఇప్పుడు రత్నం ఇంట్లోనే ఉంది. కుడి చెయ్యి ఇంకా బలహీనమే, మాటలు మాత్రం నాకు కావలసినదానికంటే ఎక్కువే.

మీ మనిషిని ఇలాంటి చోట చేర్చే రోజున డిశ్చార్జ్ సమ్మరీ మొత్తం ఎవరిచేతైనా చదివించుకోండి. మీ పేరును కేర్‌గివర్‌గా, వచ్చే వేళలతో సహా రాయించుకోండి. నేర్చుకునేదాకా చెంచా మాత్రం ముట్టకండి.

ఈ ఏటి మొదటి పండు నిన్న ఇంటికి తెచ్చాను. రత్నం ఎడమ బొటనవేలితో నొక్కి చూసి, "రెండ్రోజులాగు" అంది.

ఆగుతున్నాను.